అడుగున పడే గీత

పాప చెవులు బాగున్నాయని డాక్టర్ నాగరత్నం చెప్పినప్పుడు జితేంద్రకు సంతోషం కలగలేదు. చెవుల్లో లోపం ఉంటే దానికొక మిషను ఉంటుంది. ఏ లోపమూ లేకుండా మూడున్నరేళ్ల పిల్ల మాట్లాడకపోతే, ఆ లోపాన్ని ఎక్కడ వెతకాలో అతనికి తెలియలేదు.

కృష్ణగిరిలో ఆ క్లినిక్ గది ఇరుకైనది. పాప తనూజ, తల్లి పవిత్ర ఒళ్లో కూర్చుని టేబుల్ మీది రబ్బరు బాతును చూస్తోంది. అడగడం లేదు, చెయ్యి చాచడం లేదు.

"ఇంట్లో బిడ్డతో ఎవరు మాట్లాడతారు?" అంది డాక్టరు.

పవిత్ర తన భర్త వైపు చూసింది.

"ఇద్దరం మాట్లాడతాం" అన్నాడు జితేంద్ర.

"నాలుగేండ్లు నిండేలోపల మాట రావాలప్పా. ఆమీద కష్టం. వచ్చే తూరి వచ్చేదాకా బిడ్డ నోట్లోంచి ఏ శబ్దం వచ్చినా రాసి తీసుకురండి. పలికింది పలికినట్టే రాయండి. దిద్దొద్దు."

రాయడం జితేంద్రకు చేతనైన పని. హోసూరులో ఒక ఫ్యాక్టరీలో మిషన్లు నడిపే పద్ధతులను ఇంగ్లీషులో రాసి పెట్టడమే అతని ఉద్యోగం. తెనాలి నుంచి వచ్చి ఏడేళ్లయింది. బాగలూరు రోడ్డులో అద్దె ఇల్లు, ముందు గదిలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న కంప్యూటరు. చేత్తో రాస్తే కొట్టివేతలు పడతాయి. ప్రింటు తీసి ఇస్తే డాక్టరుకు చదవడానికి శుభ్రంగా ఉంటుందనుకున్నాడు.

ఆ సాయంత్రం పవిత్రను పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

"ఇవాళ ఏమైనా అన్నదా?"

"మిద్దె మీద కాకిని చూసి 'అగో' అనె."

"అనె కాదు. అన్నది."

"అన్నది" అంది పవిత్ర.

అతను 'అదిగో' అని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టాడు. పిల్ల అనబోయింది అదే కదా.

అతను ఎప్పుడూ కసురుకోలేదు. మెల్లగా, దాదాపు ముద్దుగానే చెప్పేవాడు. అతని నాన్న అలా కాదు. మాట తప్పు పలికితే ముద్ద నోటి దగ్గర ఆపించి, సరిగ్గా పలికాకే తిననిచ్చేవాడు. వాక్యాన్ని లోపలే కూర్చుకుని, రెండుసార్లు చూసుకుని బయటికి వదలడం జితేంద్ర అన్నం కంచం ముందే నేర్చుకున్నాడు. నాన్న పోయాక ఆ గొంతు పోతుందనుకున్నాడు. అది పోలేదు, ఇతని గొంతులోకి మారింది. తప్పు చూసి ఊరుకోవడమంటే ఆ మనిషిని వదిలేయడమేనని అతను నిజంగా నమ్మాడు. పెళ్లయిన కొత్తలో తెనాలి స్నేహితులు వచ్చినప్పుడు సూళగిరి పిల్ల 'యాడ, ఈడ' అంటుందని పవిత్రలాగే పలికి చూపించాడు. అందరూ నవ్వారు. పవిత్రా నవ్వింది. ఆ తర్వాత ఆమె ఆ మాటలు అతని ముందు అనలేదు. నేర్చుకుందని అతను సంతోషపడ్డాడు.

కంప్యూటరు మాత్రం చెప్పిన మాట వినలేదు. పిల్ల 'తే' అందని 'teh' అని మూడక్షరాలు కొడితే అవి కళ్ల ముందే తారుమారై 'the' అన్న ఇంగ్లీషు మాటగా మారిపోయాయి. 'బా బా' అని కొడితే రెండో 'బా' కింద ఎర్రగీత పడింది. మౌసు నొక్కి చూస్తే, ఒకే మాట రెండుసార్లు వచ్చింది, తీసేయమంటారా అని అడిగింది. 'కాకిని చూసి. చెయ్యి ఎత్తి.' అని పొడిపొడి ఇంగ్లీషులో రాసుకున్న వాటి కింద ఆకుపచ్చ గీతలు పాకాయి. వాక్యం పూర్తి కాలేదట. పిల్ల పలికిన ప్రతిదాని కిందా ఏదో ఒక గీత పడి, పేజీ అంతా గాట్లు పెట్టినట్టుంది.

మర్నాడు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే లోకనాథ్‌ను అడిగాడు. లోకనాథ్ హోసూరు వాడే.

"ఏమి సార్, మీ కంప్యూటరూ మీ మాదిరే అయిందా?" అన్నాడు అతను. పక్క సీట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. తన వెనక తనను కరెక్షన్ సార్ అంటారని జితేంద్రకు తెలుసు.

"పని చెప్పు లోకనాథ్."

"టూల్స్‌లోకి పోండి. ఆటోకరెక్ట్ అని ఉంటాది. ఆడ టిక్కులన్నీ తీసేయండి."

"తీశాను. మార్చడం ఆగింది. గీతలు ఆగలేదు."

"అది వేరే సార్. మార్చేది ఒకటి, గీత గీసేది ఒకటి. మార్చొద్దంటే మార్చదు. తప్పని చూపించేది మాత్రం మానదు. ఆప్షన్స్‌లోకి పోతే దాచమని ఒకటి ఉంటాది, దానికి టిక్కు పెట్టండి. ఆ ఒక్క ఫైలుకే దాస్తాది. లోపల చూస్తానే ఉంటాది, మనకు కనపడదు, అంతే."

"కనపడకపోతే చాలు."

"మనకైతే చాలు సార్" అన్నాడు లోకనాథ్, నవ్వి.

ఆ రోజుల్లో పవిత్ర చెప్పేవి తగ్గుతూ వచ్చాయి. మొదట ఒక వాక్యం, తర్వాత ఒక మాట. చివరికి "ఏమీ అనలేదు" దగ్గర ఆగింది. ఆ రెండు మాటల్లో దిద్దడానికేమీ లేదు. తల్లీ కూతుళ్లు వంటింట్లో చడీచప్పుడు లేకుండా తిరిగేవారు. అతను గుమ్మంలోకి వస్తే ఇద్దరూ ఒకేలా తలెత్తి చూసేవారు.

ఆదివారం పవిత్ర పాపను తీసుకుని సూళగిరిలో తల్లి దగ్గరికి వెళ్లింది. అతను కంప్యూటరు ముందు కూర్చుని లోకనాథ్ చెప్పిన చోట టిక్కు పెట్టాడు. గీతలన్నీ ఒక్కసారిగా పోయాయి. పేజీ తెల్లగా, నిశ్శబ్దంగా ఉంది. చాలా రోజుల తర్వాత తేలిగ్గా ఊపిరి తీశాడు. ప్రింటు తీసి జేబులో పెట్టుకుని, పవిత్రకు చూపించాలనిపించి సూళగిరి మీదుగా పోయే కృష్ణగిరి బస్సెక్కాడు.

అత్తగారి ఇల్లు హైవేకి కొంచెం లోపల. పెరటి గోడ పక్కనుంచి వస్తుంటే పిల్ల గొంతు వినిపించింది. పక్కింటి పిల్ల అనుకున్నాడు.

"ఇది మెత్తగా ఉండాది అవ్వా. దీన్ని యాడ పెట్టేది?"

"ఆడ వేరేగా పెట్టు తల్లీ" అంది అత్తగారు మునిలక్ష్మమ్మ. "పండేదో కుళ్లిందేదో నీకు తెలిసినంత మీ అమ్మకు తెలీదు."

"అమ్మకు ఏమీ తెలీదు" అంది పిల్ల.

పవిత్ర పెద్దగా నవ్వింది.

జితేంద్ర గోడకు చెయ్యి ఆనించాడు. పిల్లకు మాట ఉంది. ఒక మాట కాదు, వాక్యాలు ఉన్నాయి, వేళాకోళం ఉంది. కళ్లు నిండాయి. ఆ నిండిన క్షణంలోనే, అతని ప్రమేయం లేకుండా, 'యాడ' అన్న మాట అడుగున సన్నటి గీత ఒకటి పడింది. తుడిచేశాడు. మళ్లీ పడింది.

ఏమీ అనకూడదని గట్టిగా అనుకుని లోపలికి వెళ్లాడు. టమాట రాశి చుట్టూ ముగ్గురూ కూర్చుని ఉన్నారు. పవిత్ర నవ్వు సగంలో ఆగిపోయింది.

"రాప్పా, ఎప్పుడొస్తివి?" అంది మునిలక్ష్మమ్మ.

పిల్ల చేతిలో ఒక టమాట ఉంది. అతను పిల్ల ముందు గొంతుకూర్చున్నాడు. తనూ ఆ తప్పు మాటే అంటే పిల్లది ఒప్పవుతుందనుకున్నాడు.

"చెప్పు తల్లీ, దీన్ని యాడ పెట్టేది?"

అది అతని నోట్లోంచి స్నేహితుల ముందు పలికినట్టే వచ్చింది, ఆ రాగంతోనే. పవిత్ర ముఖం పాలిపోయింది.

"దానిని కూడా ఎక్కిరిస్తారా?"

"లేదు పవిత్రా. నిజంగా అడిగాను."

పిల్ల అతని పెదవులను చూడటం లేదు. కనుబొమల మధ్య చూస్తోంది. అక్కడ ఏం కనిపిస్తుందో అతనికి తెలియదు. నొసటి ముడి విప్పడానికి ప్రయత్నించాడు. ప్రయత్నిస్తుంటే చర్మం ఇంకా బిగిసింది. పిల్ల టమాటను నేలమీద మెల్లగా పెట్టి, అవ్వ వెనక్కి జరిగింది.

పవిత్ర లేచి అతన్ని వాకిట్లోకి తీసుకొచ్చింది.

"ఈడికి వస్తే మాట్లాడుతుందని నాకు ముందే తెలుసు. మీకు చెప్పలేదు" అంది. చాలా కాలం తర్వాత ఆమె తన మాటలు తాను మాట్లాడుతోంది. "చెప్పినానంటే మీరు వస్తారు. వస్తే ఆగిపోతుంది. డాక్టరమ్మకు ఫోన్ చేసి చెప్పినాను. మాట యాడ వస్తే బిడ్డను ఆడనే పెట్టమనింది. ఇస్కూలుకు పోయేదాకా మేం ఈడనే ఉంటాం."

"నేను ఏమీ అననులే, పవిత్రా. ఒక్క మాట అనను."

"అనకపోయినా ఉంటుంది కదండీ" అంది ఆమె, కోపం లేకుండా. లోపలికి వెళ్లిపోయింది.

అతను పెరటి గోడకు ఇవతల రాయి మీద కూర్చున్నాడు. లారీలు పోతున్నాయి. కాసేపటికి లోపల పిల్ల గొంతు మొదలైంది, మొదట ఆగి ఆగి, తర్వాత ధారగా. డాక్టరు మాట గుర్తొచ్చింది. ఇది ఒక్కటైనా సరిగ్గా చేయాలనుకుని జేబులోని కాగితం తీసి, వెనకవైపు తెలుగులో రాయడం మొదలుపెట్టాడు. ఊపిరి బిగబట్టి, విన్నది విన్నట్టే.

"నాయన పోయినాడా అవ్వా?" అంది పిల్ల.

"పోయినాడు తల్లీ."

"మల్లా వస్తాడా?"

అదీ రాశాడు. లేచి హైవే మీదికి నడిచి, హోసూరు బస్సు వస్తుంటే కాగితం మడవబోతూ ఒకసారి చదువుకున్నాడు.

'నాన్న వెళ్లిపోయారా అమ్మమ్మా? మళ్లీ వస్తారా?'

కొట్టివేత ఒక్కటీ లేదు. దస్తూరి చాలా బాగుంది. అతను చెయ్యెత్తి బస్సు ఆపాడు.