మా ఆయన మీసానికి కొన్న మాస్కు

పొద్దున లేచి నేను మొదట కడిగేది పాలగిన్నె కాదు, మాస్కు. గోరువెచ్చటి నీళ్లలో సబ్బు వేసి దాని మెత్తటి రబ్బరు అంచుని ఎంత తోమినా పసుపు వదలదు. వంటింటి గట్టు మీద ఆరబెడితే అత్తయ్యగారు సంపూర్ణమ్మగారు ఊరుకోరు. "ఆ తొండం ఇక్కడ పెట్టకమ్మాయ్, వచ్చేపోయేవాళ్లు చూస్తారు" అంటారు. అందుకని పెరట్లో, గోడ వైపు ఆరేస్తాను.

నిద్రలో నాకు ఊపిరి ఆగిపోతుంది. ఆగి, ఉలిక్కిపడి, మళ్లీ మొదలవుతుంది. రాత్రంతా ఇదే వరస. మిషను నుంచి గొట్టంలో వచ్చే గాలి ఈ మాస్కు ద్వారా ముక్కులోకి వెళితే ఆగదుట. "ఇలాగే వదిలేస్తే ఏదో ఒకరోజు గుండె మీదకి వస్తుందండి" అన్నారు విశాఖపట్నం డాక్టరుగారు. అంతదాకా మా ఇంట్లో అందరికీ అది ఉత్త గురకే. గురక పెట్టే మొగుడి పక్కన జీవితమంతా పడుకున్న ఆడదాన్ని చూసి ఎవరూ అయ్యో అనరు. గురక పెట్టే పెళ్లాం దొరికిన మగాడికి మాత్రం ఊరంతా సానుభూతే. పుష్కరాలప్పుడు వచ్చిన చుట్టాలూ మేమూ మా కొవ్వూరు ఇంట్లో వరసగా చాపలేసుకుని పడుకున్నాం. తెల్లారాక మా ఆయన చంద్రరావుగారి పెద్దబావగారు, "మీ ఆవిడ గురకకి గోదారి రెండు మెట్లు దిగిపోయిందోయ్" అన్నారు. అందరూ పడీపడీ నవ్వారు. మా ఆయన మాత్రం నవ్వలేదు. ఆ రోజు సాయంత్రం దాకా నాతో మాట్లాడలేదు.

బళ్లో అయితే ఇంకా ఘోరం. పిల్లలకి పరీక్ష పెట్టి కుర్చీలో కూర్చున్నదాన్ని అలాగే నిద్రపోయాను. హెడ్మాస్టరుగారు స్టాఫ్ రూములో అందరూ వింటుండగా, "సూర్యకళ టీచర్‌గారిని చంద్రరావుగారు రాత్రిళ్లు నిద్రపోనిస్తున్నట్టు లేరండి" అన్నారు. మగవాళ్లు నవ్వారు. ఆడవాళ్లు టిఫిన్ డబ్బాలు సర్దుకున్నారు. నాకు ఒళ్లు మండిపోయింది, కానీ ఆ మంట తీర్చుకునే ఓపిక కూడా లేదు. నిద్ర లేని మనిషికి కోపం కూడా సగంలోనే ఆరిపోతుంది.

ఇంత చేసి కొన్న మాస్కు నాకు పట్టదు. గాలి పక్కల్నించి బుస్సుమని కళ్లలోకి కొడుతుంది. పట్టీ బిగిస్తే చెంపలు ఒరుసుకుపోతాయి, వదులు చేస్తే జారిపోతుంది. "పక్కలో పాము బుసకొట్టినట్టు ఏంటే ఆ చప్పుడు" అని ఆయన దిండు పట్టుకుని వరండాలోకి పోతారు. "అంత ఖరీదైనది తెచ్చిపెడితే వాడుకోవడం కూడా చేతకాదు." నాకూ అదే అనుమానం. నా మొహంలోనే ఏదో తప్పుందని.

తప్పు ఉంది మరి. నాకు గడ్డం వస్తుంది. రెండో కాన్పు తర్వాత మొదలైంది. ఆయన ఆదివారం చేపలకి వెళ్లినప్పుడు తలుపు గడియ పెట్టుకుని గీసుకుంటాను. మంగళవారానికల్లా గరుకు తేలుతుంది. సుద్దముక్క పట్టుకుని బోర్డు వైపు తిరిగితే హాయి, పిల్లల వైపు తిరిగితే గవదకి చెయ్యి అడ్డం. అత్తయ్యగారు కనిపెట్టేశారు. "ఆడదానికి గడ్డమేంటమ్మా, ఇంటికి అరిష్టం. పసుపూ కచ్చూరాలూ మీగడలో కలిపి రాసుకు పడుకో, వెంట్రుక కుదుళ్లతో సహా రాలిపోద్ది" అని స్వయంగా గిన్నెలో కలిపి ఇస్తారు. రాసుకుంటాను. దాని మీదే మాస్కు పెట్టుకుంటాను.

శనివారం ఒంటిపూట బడి. ఆయన మాస్కు మార్చుకురావడానికి రాజమండ్రి బయల్దేరుతుంటే నేనూ స్కూటరెక్కాను. "నువ్వెందుకు ఎండలో?" అన్నారు. మొదటిసారి కొన్నప్పుడూ అదే మాట. అప్పుడు విన్నాను, ఈసారి వినలేదు. వంతెన దాటేదాకా ఆయన ఏదో చెప్పబోయి మానేస్తూనే ఉన్నారు.

దానవాయిపేటలో వీల్‌చెయిర్లు, ఆక్సిజన్ సిలిండర్లు అమ్మే షాపు. షాపాయన ఉదయ్‌భాస్కర్ మా ఆయన్ని చూడగానే లేచాడు. "ఇంకా లీకవుతుందాండి సార్? మీ మీసం కోసమే కదండీ పెద్ద సైజు ఇచ్చాను!"

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అంతా అర్థమైంది. ఆయన ఇక్కడికొచ్చి, జబ్బు తనకేనని చెప్పి, తన మొహానికి పెట్టుకు చూసుకుని, తన మీసానికి సరిపోయింది కొనుక్కొచ్చారు. ఇన్నాళ్లూ నేను రుద్ది రుద్ది కడిగింది ఆయన కొలతని.

"ఏమనుకోకండి సార్, ఆ మీసం తీసేస్తే ఇట్టే అతుక్కుంటదండి."

"మీసం తియ్యడమేంటండీ! మా నాన్నగారు పోయినప్పుడు తప్ప దీని మీద కత్తి పడలేదు."

"మేడమ్‌గారూ, మీరైనా చెప్పండి. సార్ ప్రాణం కదండీ."

ఆయన నా వైపు చూశారు. మాట్లాడకు అని కళ్లతోనే చెప్పారు. నా జబ్బుని ఇంత సుఖంగా మోస్తున్న మనిషిని చూస్తే ముందు నవ్వొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది. ఆయనకుంటే అది జబ్బు, పాపం అంటారు. నాకుంటే అది లోపం, దాచుకోమంటారు. ఆ మీసానికి పరువుంది, నా గడ్డానికి గడియ వేసిన తలుపుంది. పరువు కాపాడుకుంటూ నేను ఎన్నాళ్లు బతుకుతాను?

"సార్‌కి ఏ జబ్బూ లేదండి. ఊపిరి ఆగేది నాకు" అన్నాను. "నాకు గడ్డం వస్తుంది. వారానికోసారి గీసుకుంటాను. దానిమీద పసుపూ మీగడా రాసుకుంటాను. ఇప్పుడు చెప్పండి, నాకు ఏది సరిపోద్దో."

ఉదయ్‌భాస్కర్ చెవులు ఎర్రబడ్డాయి. కాసేపు బల్ల మీద సామాను అటూ ఇటూ జరిపాడు. "మీగడ రాస్తే ఏదీ నిలవదండి" అన్నాడు చివరికి. "గరుకు మీదా కష్టమేనండి. గడ్డం దాకా రానిది ఉందండి, ముక్కు కిందే కూర్చుంటది. గీసుకున్నా, మానేసినా మీ ఇష్టం. మొహం కడుక్కురండి, పెట్టి చూద్దాం."

వెనక కుళాయి దగ్గర మొహం కడుక్కున్నాను. చిన్న సైజు. పట్టీ నేనే సర్దుకున్నాను. మిషను వేసి, నోరు మూసుకుని పీల్చమన్నాడు. నోరు మూసుకోమనడం నాకు కొత్త కాదు, ఇక్కడ మాత్రం పనికొచ్చింది. గాలి లోపలికి వెళ్లింది. బుస లేదు. నా మొహానికి సరిపోయే వస్తువు కూడా ఉంటుందని నాకు తెలియదు. సంతోషంతో కళ్లు నిండాయి. ఇంకాసేపు ఉంచుకుంటానని చేత్తోనే సైగ చేశాను.

బయట ఆయన స్కూటర్ పక్కన నిలబడి ఉన్నారు. మీసం మీదకి చెయ్యి వెళ్లి మళ్లీ దిగిపోయింది.

"అంతా వాడి ముందు చెప్పాలా? రేపు నలుగురికీ తెలిస్తే? ఎవరన్నా అడిగితే నేనేం చెప్పాలి?"

"మా ఆవిడకి బతకాలనుందిట అని చెప్పండి" అన్నాను.