తెల్లగుడ్డ మీద పూస

సుంకమ్మ కళ్లద్దాలు తీసి గోడకున్న మేకుకు తగిలించి, తెల్లగుడ్డ మీదికి వంగింది. ముక్కుకూ గుడ్డకూ మధ్య బెత్తెడు సందు. ఆ బెత్తెడులో ఉన్నదంతా ఆమెకు స్పష్టం. అంతకు అవతల గది, కిటికీ, కింద నగర్తపేట సందులో దారి కోసం అరుచుకుంటున్న ఆటోలు, అన్నీ తడిసిన ముగ్గులా ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతాయి.

మేడమీది ఆ ఇరుకు గదిలో పెళ్లిళ్లకు నల్లపూసల గొలుసులు గుచ్చుతారు. తక్కినవాళ్లు భూతద్దం కింద పెట్టుకుని గుచ్చే ఆవగింజంత పూసలను ఆమె ఉత్త కళ్లతో గుచ్చుతుంది. అందుకే ఆ పని దొరికింది. దేవుడు ఈమెను పుట్టుకతోనే భూతద్దాలు పెట్టి పంపినాడని యజమాని వెంకటరమణప్ప వచ్చినవాళ్లందరికీ చెప్పుకుంటాడు. సుంకమ్మ కూడా చాలాకాలం అదే నమ్మింది. దూరం ఆనకపోతే ఏం, దగ్గర బాగుంది కదా. అద్దం లేకుండా సూదిలో దారం ఎక్కించే కంటికి జబ్బేమిటి? అద్దాలు ఏటికేడూ మందమై సీసా అడుగులా తయారైనా, అవి బస్సు నంబరు చూసుకోవడానికేనని సరిపెట్టుకుంది.

గుడ్డ మీద, సరిగ్గా ఆమె చూస్తున్నచోట, ఒక పూస ఉంది. రెండు వేళ్లతో తీయబోయింది. గుడ్డ తప్ప ఏమీ తగల్లేదు. చూపు పక్కకు తిప్పితే పూస కూడా పక్కకు జరిగింది.

కింద పడిన నల్లపూసను, వాళ్ల మాటలో కరిమణిని, కాలి కింద పడనీయరాదని ఆ కొట్టులో కట్టడి. ఎవరి మెడలోనో తాళిబొట్టు పక్కన ఉండవలసిన పూసను తొక్కితే ఆ ఇంటికి మంచిది కాదంటారు. ఒక్కటి జారినా పని ఆపి అందరూ నేల తడుముతారు. ఆ అలవాటు కొద్దీ సుంకమ్మ కొన్నాళ్లుగా లేని పూసను ఏరుతూనే ఉంది. గుడ్డ దులిపింది. ఉతికింది. చివరికి కొత్త గుడ్డ పరుచుకుంది. కొత్తదాని మీదా అదే పూస.

మొన్న పొద్దున కూతురు వర్షిణికి జడ వేసి ముఖం తనవైపు తిప్పుకుంటే బిడ్డ బుగ్గ మీద దిష్టిచుక్క కనిపించింది. పెట్టిన గుర్తు లేదు. కొంగుతో తుడిచింది. పోలేదు. ఇంకాస్త గట్టిగా తుడిస్తే బిడ్డ నొప్పని ముఖం తిప్పుకుంది. సుంకమ్మ బిడ్డ కళ్లలోకి చూసింది. చుక్క వచ్చి కంటి మీద నిలబడింది.

అప్పుడు అమ్మ గుర్తొచ్చింది. మడకశిర దగ్గర పల్లెలో అమ్మ ఇలాగే అన్నంలో చీమలు ఏరేది. "సీమ ఉండాది, తినాకు" అని సుంకమ్మ చేతిలో ముద్ద లాక్కుని పారబోసేది. చీమా లేదు, దోమా లేదు. గాలి సోకిందన్నారు, తాయెత్తు కట్టించారు. ఊళ్లో పిల్లలు వెనకాల చేరి చీమలమ్మ అని పిలిచేవాళ్లు. ఆ పిల్లలతో కలిసి సుంకమ్మ కూడా ఒకసారి నవ్వింది. అమ్మ ఆ చీమలను ఏరుకుంటూనే పోయింది. ఆమెవీ దూరం ఆనని కళ్లే. ఆమెకు అద్దాలు కూడా లేవు.

ఆ భయంతోనే నిన్న కంటాసుపత్రికి పోతే డాక్టరమ్మ ఫోటో తీసి చూపించింది. ఎర్రటి గుండ్రటి పొర, దాని మీద దారాల్లాంటి నరాలు. ఇంత ఎక్కువ పవరున్నవాళ్లకు కనుగుడ్డు ఏళ్ల తరబడి వెనక్కి సాగుతూ పోతుందట. లోపలి పొర సాగి పలచబడుతుంది. దానికి నెత్తురు అందించే వెంట్రుకకన్నా సన్నని నాళాలు ఇంకా సన్నబడి, కొన్నిచోట్ల మాయమైపోతాయి. అలా పలచబడి చీలినచోట కొత్త నాళాలు మొలుస్తాయి గానీ అవి గట్టివి కావు. చిట్లి నెత్తురు ఊరుస్తాయి. ఆ నెత్తురు మరకే నువ్వు ఏరుతున్న పూస అంది. కుడికంటిలో అది ఎప్పుడో మచ్చకట్టిందని కూడా చెప్పింది. ఎడమకన్నే పని చేస్తూ ఉంటే కుడిది పోయిన సంగతి సుంకమ్మకు తెలియనే లేదు.

"కుడిదానికి నేనేమీ చేయలేనమ్మా. ఎడమకంటికి రేపు సాయంత్రం లోపల ఇంజెక్షన్ పడాల. లేట్ చేస్తే మధ్యలో చూపు పోతుంది, అంచులు మాత్రం ఉంటాయి."

అంటే చుట్టూ గోడలు కనబడతాయి, చూడాలనుకున్న ముఖం కనబడదు. పిల్లలుంటే వాళ్లనూ తీసుకురమ్మంది. నా బిడ్డకు కళ్లు బాగున్నాయని సుంకమ్మ గబగబా చెప్పి లేచొచ్చింది.

ఆ సాయంత్రం ఈ రోజే. కంట్లో సూది అన్న మాట తలపుకొచ్చి, చేతిలో సూదిని పక్కన పెట్టి మళ్లీ తీసుకుంది. పెళ్లిళ్ల కాలం; పోతున్నానంటే వెంకటరమణప్ప ఏమంటాడో. ఈ గొలుసు అయిపోనీ, వచ్చే వారం పోదామని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్న కొద్దీ పూస నల్లబడుతున్నట్టుంది. గొలుసులో పూసల వరస తిన్నగానే ఉంది, వేలితో తడిమితే తెలుస్తోంది. కంటికి మాత్రం వంకరగా కనబడుతోంది.

పక్కన కూర్చుని గుచ్చే అక్కయమ్మ మూడు దాటినాక పోయి, తన మనవడితో పాటు వర్షిణిని కూడా అంగన్‌వాడీ నుంచి తోలుకొచ్చింది. వర్షిణి వచ్చీరాగానే అమ్మ ఒడి పక్కన కూలబడి, గుడ్డ మీదికి వంగింది. ముక్కు గుడ్డకు తగిలేంతగా వంగింది.

వెంకటరమణప్ప అది చూసి మురిసిపోయాడు. "మీ అమ్మ కండ్లే వచ్చిండాయి కదే నీకు. సుంకమ్మా, ఇంగేమి, నీ జాగా దీనికే."

సుంకమ్మ నవ్వలేదు.

"అమ్మా, ఈడ పూస ఉండాది" అంది వర్షిణి.

సుంకమ్మ చేతిలో సూది ఆగిపోయింది. బిడ్డ వేలు చూపినచోటికి చూసింది. అక్కడ పూస ఉంది. ఎక్కడ చూస్తే అక్కడ ఉండేదే కదా. వీపు మీద చల్లటి చెయ్యి పడ్డట్టయింది. అమ్మ చెయ్యి.

"నీకూ కనిపిస్తాందా?" బిడ్డ గడ్డం పట్టుకుని అడిగింది. "యాడ సూస్తే ఆడ ఉంటాందా, తల్లీ?"

వర్షిణికి అర్థం కాలేదు. అమ్మ ముఖం చూసి భయపడి, అవునని తల ఊపింది.

ఈసారి సుంకమ్మ తీయడానికి చెయ్యి చాచలేదు. సగం గుచ్చిన గొలుసును అక్కయమ్మ ముందు పెట్టి, మేకు మీది అద్దాలు తీసి పెట్టుకుని, బిడ్డను చంకనేసుకుంది.

"ఏమ్మా, ఏమాయ? గొలుసు రేపటి పెండ్లిది కదా" అన్నాడు వెంకటరమణప్ప.

"బిడ్డకు కండ్లు సూపించల్ల అన్నా. నావి కూడా."

అంతే అంది. గోడ పట్టుకుని ఒక్కొక్క మెట్టూ పాదంతో తడుముతూ దిగిపోయింది. సందులో జనం ఆమెను ఒక్క అడుగులోనే కలిపేసుకున్నారు. ఆమె మళ్లీ ఆ పనికి రాలేదు; ఆ తరవాత ఆ మేకుకు ఎవరూ కళ్లద్దాలు తగిలించలేదు.

ఆ రోజు సాయంత్రం గది ఊడ్చేముందు అక్కయమ్మ గుడ్డ మడవబోయి ఆగింది. వర్షిణి వేలు చూపినచోట ఆవగింజంత నల్లపూస. సుంకమ్మ లేని పూసను ఏరడం రోజూ చూసింది కదా, అనుమానంగా వేలితో అదిమి చూసింది. గట్టిగా, చల్లగా, వేలి కింద అది అక్కడే ఉంది.