సెలవడగని గోమారి

ఆ పొద్దున తోట గేటు దగ్గర క్రెసెన్సియోని కొరడాతో కొట్టారు. వాడి నేరమేమిటంటే, దొర దగ్గర సెలవు చీటీ తీసుకోకుండా పక్క ఊరెళ్ళి తల్లి చివరిచూపు చూసి రావడం. చెరకు కూలీలమంతా అక్కడే ఉన్నాం. చేతుల్లో కత్తులున్నాయి. అయినా కిక్కురుమనలేదు. భయం తమ్ముళ్ళూ, దాచడమెందుకు!

సాయంత్రం కందెలారియా మాత పండగ. దొర ఇంటి వాకిట్లో చెక్కబల్ల వేశారు. దానిమీద ఆడవాళ్ళం బూట్లతో దరువేస్తూ ఆడాలి. ఒకరు చరణం పాడితే ఇంకొకరు ఎత్తుకుని తిరిగి పాడాలి. ఎవరూ ఎత్తుకోని చరణం మా వెరాక్రూస్‌లో చచ్చినట్టే లెక్క.

దొర వరండాలో కూర్చున్నాడు. క్రెసెన్సియో మేనత్త నికనోరా బల్లెక్కింది. నేనూ వెనకాలే ఎక్కి పావడా పట్టుకు లాగాను.

"వద్దత్తా, దిగు! నీకు దణ్ణం పెడతా!"

"వదలవే పిరికిదానా! పాటక్కూడా చీటీ కావాలా?"

గొంతెత్తింది.

"దొరగారి కుక్కనెక్కి గోమారి ఊరేగింది,
చీటీ లేక, సెలవు లేక, గేటు దాటిపోయింది!
కొరడా పట్టి దొరగారు దాని వెంట పడ్డారు,
కుట్టినచోటు గోక్కుంటూ ఉత్తచేతులతో వచ్చారు!"

ఎవరో కిసుక్కుమని, వెంటనే నోరు మూసుకున్నారు. దొర లేచాడు. కావలివాళ్ళు అత్తని జుట్టు పట్టి బల్లమీంచి ఈడ్చేశారు.

"ఇది తిరిగి పాడినవాళ్ళకీ ఇదే గతి!" అని తోట మేస్త్రీ అరిచాడు.

"చరణం ఎత్తుకోండే! గాలికొదిలేస్తారా?" అంది అత్త, నోట్లో నెత్తురుతో.

గిటార్లు ఆగిపోయాయి. బల్లమీద ఒక్కదాన్నే మిగిలాను. పారిపోదామంటే కాళ్ళు కదలవు, ఒకటే వణుకు. ఆ వణుక్కి బూటు మడమలు చెక్కమీద టకటకా కొట్టుకుంటున్నాయి. గిటారు ముసలాడు అది విని, దరువేస్తున్నాననుకుని తీగ మీటాడు. ఓరి నీ దుంపతెగ! ఇంకేం చేస్తాను, పాడాను. గొంతు మేకపిల్ల గొంతులా వచ్చింది. రెండో పాదానికి పది గొంతులు కలిశాయి. ఆఖరి పాదానికొచ్చేసరికి వాకిలంతా పాడుతోంది, నవ్వుతోంది.

అత్తని మాత్రం వదల్లేదు. పట్నం జైలుకి పట్టుకుపోయారు.

తెల్లారాక ఒక్కరం కూడా చెరకులోకి దిగలేదు. జైలు దారి పట్టి అందరం గేటు దగ్గరికొచ్చాం. మేస్త్రీ అడ్డం నిలబడ్డాడు.

"చీటీలేవిరా?"

చొక్కా వీపుకి అంటుకుపోయిన క్రెసెన్సియో ముందుకొచ్చాడు. "గోమారిని అడిగావా మేస్త్రీ?"

కావలివాళ్ళ తుపాకులు పైకి లేచాయి. నా కాళ్ళు మళ్ళీ వణికాయి. ఆ వణికే కాళ్ళతోనే గేటు దాటాను. నా వెనక తోటంతా దాటింది.