లేచి వెళ్ళినవాళ్ళ ఓటు

లెంపి రక్తం గొట్టంలోంచి యంత్రంలోకి పోయి, శుభ్రపడి, మళ్ళీ ఆవిడ చేతిలోకి వస్తోంది. సరిగ్గా అప్పుడు ఒకతను లోపలికొచ్చి టేపు పెట్టి తలుపు కొలవడం మొదలెట్టాడు.

నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. లెంపి నాకు వదిన. మా అన్న ఇనుప గని దుమ్ము ఊపిరితిత్తుల నిండా నింపుకుని పోయాక, ఆవిణ్ణి వారానికి మూడుసార్లు డయాలిసిస్‌కి తీసుకురావడం నా పని. కివిలా ఊళ్ళో ఎవరి మొహమైనా నాకు తెలుసు. ఇతని మొహం తెలీదు. బయట మోకాలి లోతు మంచుంటే మెరిసే తోలు బూట్లతో వచ్చాడు.

"ఏం కొలుస్తున్నావయ్యా?" అంది లెంపి.

"మీరు కదలకండమ్మా. ఈ యంత్రాలు తలుపులోంచి పడతాయో లేదో చూస్తున్నానంతే."

"పట్టి ఎక్కడికి వెళ్తాయి?"

అతను నర్సు డోనా వైపు చూశాడు. డోనా గోడ వైపు తిరిగింది.

"డులూత్‌లో పెద్దాసుపత్రికి. అదీ... ఓటింగ్ అయ్యాక లెండి."

"ఓటింగ్ శనివారం కదా. పెళ్ళిచూపులు కాకుండానే పురిటిగది కొలుస్తున్నావే!"

మిగతా మంచాల మీద వాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు. తలుపు వెడల్పు రాసుకుని వెళ్ళిపోయాడు.

ఆ క్లినిక్ మాది. మాటవరసకి చెప్పడం లేదు. కంపెనీ డాక్టరు విరిగిన చేతికి గుడ్డ చుట్టి మనిషిని మళ్ళీ గనిలోకి తోస్తున్న రోజుల్లో, మా నాన్నలు జీతాల్లోంచి తలా కొంత వేసుకుని ఒక ఆరోగ్య సంఘం పెట్టుకున్నారు. లాభం కోసం కాదు. జబ్బు చేసినవాడి ఖర్చు అందరూ మోయడం కోసం. గని మేనేజరైనా, గని ఊడ్చేవాడైనా, మనిషికొక ఓటు. పాలకవర్గాన్ని మేమే ఎన్నుకుంటాం. డయాలిసిస్ యంత్రాలు కొనాలని సర్వసభ్య సమావేశంలో చెయ్యెత్తి తీర్మానించింది మేమే.

తర్వాత గని సగం మూతపడింది. జనం సమావేశాలకి రావడం మానేశారు. మేం ఖాళీ చేసిన కుర్చీల్లో బ్యాంకు మేనేజరు, కార్ల షోరూం యజమాని, ఇద్దరు వకీళ్ళు వచ్చి కూర్చున్నారు. ఇప్పుడు వాళ్ళే సంఘం రూపం మారుద్దామంటున్నారు. పేరు అలాగే ఉంటుందట. మినియాపొలిస్‌లోని ఒక పెద్ద సంస్థ కిందికి వెళ్తుందట. పాలకవర్గాన్ని పైవాళ్ళు నియమిస్తారట. సభ్యులెవరూ ఉండరు, పాలసీదారులే ఉంటారు. పాలసీదారుకి కార్డుంటుంది. ఓటుండదు.

మర్నాడు యూనియన్ హాలు నిండిపోయింది. కైసా బల్లెక్కింది. మా గనిలో ఖనిజం తవ్వే షవల్ యంత్రం నడిపేవాడి కూతురే, న్యాయ సహాయ కేంద్రంలో పని చేస్తుంది.

"వినండి. ఇలాంటి మార్పు జరగాలంటే ఓటింగ్ వేళ హాల్లో ఉన్నవాళ్ళలో మూడింట రెండొంతుల మంది చెయ్యెత్తాలి. అంటే మనం మూడో వంతు కన్నా ఎక్కువుంటే చాలు, ఆగిపోతుంది. ఇక్కడున్న జనమే అంతకంటే ఎక్కువ. వచ్చి కూర్చోండి. వద్దని చెయ్యెత్తండి. అంతే."

"ప్రీమియం తగ్గుతుందంటున్నారుగా?" వెనక నుంచి గ్యారీ అరిచాడు. గనిలో మిగిలిన కుర్రాళ్ళలో ఒకడు. "నా కిడ్నీలు బానే ఉన్నాయి. నేనెందుకు కొట్లాడాలి?"

"నీ వయసులో నావీ బానే ఉండేవిరా," అంది లెంపి. "నీ పెళ్ళిలో మీ అమ్మ కంటే ఎక్కువసేపు నాట్యం చేసిందెవరనుకున్నావు?"

హాలంతా గొల్లుమంది. గ్యారీ కూడా.

అప్పుడు రూడీ లేచాడు. రూడీ ప్రెబిచ్ అంటే ఊరికి పెద్ద. పెద్ద సమ్మెని నడిపినవాడు. ఆ గొంతు వినడానికి ఊరు ఊపిరి బిగబడుతుంది.

"పిల్ల చెప్పింది బానే ఉంది. కానీ కూర్చుని గెలిచిన పోరాటం నేనెప్పుడూ చూళ్ళేదు. మర్యాదగా వింటాం. అవమానిస్తే లేచి పోతాం. మనం లేని సభ ఏం సభ?"

చప్పట్లు మోగాయి. కైసా నోరు తెరిచింది. ఆ మోతలో ఎవరికీ వినపడలేదు.

ఒక సంగతి చెప్పాలి. మా ఊళ్ళో రూడీ టోపీ పెట్టుకున్నాడంటే హాలు లేవాలి. ఎందుకని అడగరు. కూర్చుండిపోయినవాడు సమ్మె ద్రోహి. పెద్ద సమ్మెలో ఎవరి తాత కూర్చుండిపోయాడో ఊరికి ఇంకా గుర్తే. ఆ ఇళ్ళ పిల్లల్ని పెళ్ళిళ్ళలో నాట్యానికి పిలిచేవాళ్ళు ఇప్పటికీ లేరు.

శనివారం. హైస్కూలు జిమ్.

తలుపు దగ్గరే తలలు లెక్కపెట్టి, సభ జరగడానికి కావలసిన కోరం సరిపోయిందని ప్రకటించారు. ఒక పక్క మేం, గని కోట్లు తొడుక్కుని. ఇంకో పక్క బస్సుల్లో దింపిన ఆఫీసు జనం. వాళ్ళూ సభ్యులే. పాలకవర్గం అధ్యక్షుడు విట్‌కోంబ్ మైకు ముందుకొచ్చాడు. మెత్తటి గొంతు. తెర మీద గీతలు పైకెళ్తూ కనపడుతున్నాయి.

"సంఘం బలపడటానికే ఈ మార్పు. మీ వైద్యంలో ఏ తేడా రాదు."

"అయితే తలుపెందుకు కొలిచారు?" లెంపి లేచి మైకు దగ్గరికి నడిచింది. ఒక్కో అడుగూ కష్టంగా పడుతోంది. "మంచులో అంత దూరం వారానికి మూడుసార్లు ఎలా వెళ్ళమంటారు? డయాలిసిస్ అయ్యాక నేను నిలబడలేను. దారిలో రోడ్డు మూసేస్తే..."

మైకు ఆగిపోయింది. ఆవిడ పెదాలు కదులుతూనే ఉన్నాయి.

"మీకిచ్చిన సమయం అయిపోయిందమ్మా," అన్నాడు విట్‌కోంబ్. "దయచేసి కూర్చోండి."

రూడీ లేచాడు. టోపీ తల మీద పెట్టుకున్నాడు.

కుర్చీలు ఒక్కసారిగా వెనక్కి జరిగిన చప్పుడు. మేమంతా లేచాం. కైసా నడవలోకి పరిగెత్తి చేతులు చాచింది.

"వద్దు! కూర్చోండి! బాబాయ్, దండం పెడతాను, హాల్లో ఉన్నవాళ్ళనే లెక్కపెడతారు! కోరం ఇందాకే అయిపోయింది!"

"తప్పుకో కైసా," అన్నాడు రూడీ. "లెంపి నోరు నొక్కిన సభలో మనం కూర్చోం."

"సమ్మె ద్రోహి!" ఎవరో అన్నారు. ఇంకొకరు అందుకున్నారు. కైసా చేతుల కిందనుంచి జనం పోయారు. లెంపి చెయ్యి నా భుజం మీద వేసుకుని నేనూ నడిచాను. ఆవిడ గుమ్మం దగ్గర ఆగి వెనక్కి చూసింది. మా కుర్చీలన్నీ ఖాళీ. మధ్యలో కైసా ఒక్కతే కూర్చుని ఉంది.

బయట పండగ. ఫ్లాస్కుల్లో కాఫీ, చంకల్లో మాంసం కూరిన వేడి పాస్టీ రొట్టెలు. సమ్మెనాటి పాటలు. ఒకరి వీపు ఒకరు చరుచుకుంటున్నాం. గ్యారీ తలుపు దగ్గరున్న ఒక నల్లకోటు ఆఫీసరు మీదికి మంచుముద్ద విసిరి, "ఇది మా నాన్నల తరఫున!" అని అరిచాడు.

తలుపు తెరుచుకుంది. కైసా వచ్చింది. కళ్ళు పొడిగా ఉన్నాయి.

"ఏం పిల్లా, చలికి ఓర్చుకోలేక లోపలే ఉండిపోయావా?" అన్నాడు రూడీ.

"ఓటింగ్ అయిపోయింది బాబాయ్. మార్పు నెగ్గింది. వ్యతిరేకంగా లేచింది ఒకే ఒక్క చెయ్యి."

"మేం లేకుండా ఎలా నెగ్గుతుంది?"

"మీరు లేరు కాబట్టే నెగ్గింది."

పాట ఎక్కడికక్కడ ఆగిపోయింది. రూడీ జిమ్ తలుపు వైపు రెండడుగులు వేశాడు. లోపల్నుంచి గడియ పడింది. ఆ పెద్ద మనిషి తలుపు మీద అరచెయ్యి ఆనించి అలాగే నిలబడిపోయాడు. కొట్టనైనా కొట్టలేదు.

ఫిర్యాదు పట్టుకుని రాష్ట్ర రాజధానికి వెళ్ళాం. బీమా శాఖ అధికారి మమ్మల్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. "నాకు బాధగానే ఉంది. కానీ సభ సక్రమంగా జరిగింది. వ్యతిరేకించినది ఒక్కరే. మీరు అభ్యంతరం ఉండీ వెళ్ళిపోయారంటే నేనేం చేయను?" కోర్టు కూడా అదే చెప్పింది, పెద్ద పెద్ద మాటల్లో. అరవడానికి ఎదురుగా ఒక దుర్మార్గుడైనా లేడు. అందరూ మర్యాదస్తులే.

యంత్రాల కోసం వాళ్ళొస్తే అడ్డంగా నిలబడదామని వంతులేసుకుని కాపలా కాశాం. వాళ్ళు ఆదివారం వచ్చారు, కాపలావాళ్ళతో సహా ఊరు ఊరంతా చర్చిల్లో ఉన్న వేళ. మేం ప్రార్థన ముగించుకుని బయటికొచ్చేసరికి క్లినిక్ ముందు లారీ చక్రాల జాడలే మిగిలాయి. లోపల నేల మీద యంత్రాలున్నచోట పాలిపోని చదరాలు.

లెంపి గుమ్మంలో నిలబడి చూసింది. "పట్టాయన్నమాట," అంది.

ఆ శీతాకాలం ఆవిణ్ణి డులూత్‌కి వంతులవారీగా తీసుకెళ్ళాం. గ్యారీ రాత్రి షిఫ్టు దిగి, మొహం కడుక్కోకుండానే బండి తీసేవాడు. తుఫాను వచ్చి రోడ్డు మూసేసినప్పుడు డయాలిసిస్ తప్పి ఆవిడ ఊపిరితిత్తుల్లోకి నీరు చేరింది. మంచు తోసే బండి వెనకే పాకుతూ పాకుతూ తీసుకెళ్ళాం. బతికింది. కానీ ఆ తర్వాత గొంతు గుసగుసలా అయిపోయింది, మాటకీ మాటకీ మధ్య ఊపిరి తీసుకుంటూ. కొత్త కార్యాలయానికి ఫోన్ చేస్తే సంగీతం వినిపించేది. ఎవరైనా ఎత్తితే, "మీరు పాలసీదారులా మేడమ్?" అని అడిగేవాళ్ళు. "కాదు, యజమానిని," అనేది లెంపి. అవతలివాళ్ళకి అర్థమయ్యేది కాదు.

ఒక సాయంత్రం రూడీ కైసా ఇంటికి వెళ్ళాడు. నన్నూ తీసుకెళ్ళాడు. కైసా బంగాళాదుంపలు చెక్కు తీస్తోంది.

"తల్లీ, నేను..."

"కూర్చో బాబాయ్."

"కూర్చోవడం ఇప్పుడు నేర్చుకుంటున్నానులే." నవ్వబోయాడు. రాలేదు. "ఇప్పుడేం చేయాలో చెప్పు. నాకేం తోచట్లేదు."

"నాకూ తోచట్లేదు," అంది కైసా. "కానీ పాత నియమావళి ప్రకారం మార్చి మొదటి శనివారం సర్వసభ్య సమావేశం. సభ్యులు లేరని వాళ్ళంటున్నారు. మనం ఉన్నామని మనమందాం."

"చెల్లుతుందా?"

"చెల్లదు."

రూడీ కత్తి తీసుకుని ఒక దుంప చెక్కు తీయడం మొదలెట్టాడు. "ఎంతమందిని తీసుకురమ్మంటావు?"

ఆ శనివారం జిమ్‌కి తాళం. ముందున్న, బళ్ళు ఆపే మైదానంలో మంచు తోసి చోటు చేసుకున్నాం. ఎవరి కుర్చీ వాళ్ళు తెచ్చుకున్నారు: వంటింటి కుర్చీలు, చేపలవేటకెళ్ళే మడత కుర్చీలు. కుర్చీ లేనివాళ్ళు బకెట్లు బోర్లించారు. గ్యారీ బండి వెనక్కెక్కి కైసా సభ మొదలుపెట్టింది. లెంపిని దుప్పట్లు చుట్టి ముందు వరసలో కూర్చోబెట్టాం. ముందురోజే డయాలిసిస్. మొహం మైనంలా ఉంది.

"మొదటి అంశం. మన సంఘాన్ని మనకి కాకుండా చేసిన మార్పు. వద్దనేవాళ్ళు?"

చేతులు లేచాయి. ఎంత మందివో నేను చూడలేదు, నా ముందు చేతులే తప్ప ఏమీ కనపడలేదు.

పోలీసు బండి వచ్చి ఆగింది. దిగింది డేల్. రూడీ చెల్లెలి కొడుకు, షెరీఫ్ కింద పని చేస్తాడు.

"మావయ్యా, ఇది స్కూలు స్థలం. అనుమతి లేదు. పొమ్మని చెప్పు వాళ్ళని. నువ్వు చెబితే లేస్తారు."

"లేస్తారు," అన్నాడు రూడీ. "అందుకే చెప్పను."

డేల్ గ్యారీ బండెక్కి కైసా చేతులకి బేడీలు వేశాడు. ఆమె పెనుగులాడలేదు. దిగుతూ మా వైపు తిరిగి ఒకే మాట అంది: "ఎవరూ లేవకండి."

అందరి కాళ్ళల్లోనూ కదలిక. గ్యారీ బకెట్ మీద నుంచి సగం లేచాడు. రూడీ అతని భుజం పట్టి కిందికి నొక్కాడు, కళ్ళ నుంచి నీళ్ళు కారుతుండగా. కారు తలుపు పడింది. ఇంజను చప్పుడు దూరమైంది. మేం గెలవలేదు. యంత్రాలు రాలేదు. రేపు గాక ఎల్లుండి లెంపి మళ్ళీ ఆ రోడ్డెక్కాలి, మరో తుఫాను వస్తే ఏమవుతుందో ఆవిడకీ తెలుసు.

దుప్పట్లు కదిలాయి. లెంపి నా చెయ్యి పట్టుకుని లేచి, కుర్చీని సభ వైపు తిప్పించి, మళ్ళీ కూర్చుంది. గుసగుస లాంటి ఆ గొంతు వినడానికి మైదానమంతా ముందుకి వంగింది.

"అధ్యక్షురాల్ని పట్టుకెళ్ళారు కాబట్టి నేను నడిపిస్తాను," అంది. "రెండో అంశం. పాలకవర్గం ఎన్నిక. పేర్లు చెప్పండి."