ఉప్పు డబ్బాకు తాళం

ఉప్పు డబ్బాకు తాళం వేసిన ఇల్లు ఎక్కడైనా ఉంటుందా? ఈ ఇంట్లో వేశారు. తాళంచెవి ఆడపడుచు హ్యాండ్‌బ్యాగులో ఉంటుంది. ఆవిడ నర్సు, పైగా పెద్దది, కాబట్టి ఆవిడ మాటకు తిరుగులేదు.

మామగారి గుండె బలహీనపడింది, ఉప్పు ముట్టకూడదన్నారు డాక్టరు. ఆనాటి నుంచి కోడలు చప్పిడి వంటే చేసింది, తనూ అదే తిన్నది. అయినా ఆయన పాదాలు ఉబ్బుతూనే ఉన్నాయి. తలగడలు ఎత్తు పెట్టనిదే ఊపిరి ఆడటం లేదు. ఆడపడుచు కొన్నాళ్ళు తన ఫ్లాటుకు తీసుకెళ్తే వాపు దిగింది. తిరిగి రాగానే మళ్ళీ మొదలు. ఇంకేం, దొంగ దొరికిపోయింది!

"నా దగ్గర తగ్గి నీ దగ్గర పెరుగుతోందంటే ఏంటర్థం? నాలుక చంపుకోలేక చాటుగా వేస్తున్నావ్. ఈసారి ఒంట్లో నీరు చేరితే నాన్న బతకడు, తెలుసా?" వంటగది గుమ్మంలో నిలబడి కడిగిపారేసింది ఆడపడుచు. ఉప్పు డబ్బాకు తాళం పడింది ఆరోజే.

"నేను వెయ్యలేదు వదినా. ఒట్టు."

మొగుడు పక్కనే ఉండి పెదవి విప్పలేదు. మామగారు మంచం మీద గోడవైపు తిరిగారు. కోడలు ఏడవలేదు. ఏడిస్తే ఒప్పుకున్నట్టే అవుతుంది.

మర్నాడు మొగుడు మెట్లకింద, నీళ్ళలో సున్నం తీసే సాఫ్ట్‌నర్ దగ్గర గోతం విప్పాడు. ఆ ఇంటి బావినీళ్ళు ఒట్టి సున్నం. బకెట్లు తెల్లబారేవి, కెటిల్ అడుగున పెంకు కట్టేది. బాత్రూమ్ సామాన్ల దుకాణం నడిపే మనిషి కదా, తన ఇల్లే అలా ఉంటే ఎలాగని ఈ మెషీన్ పెట్టించాడు. వచ్చినవాళ్ళందరికీ తళతళలాడే కుళాయిలు చూపించి మురిసిపోతాడు. గోతంలోంచి తెల్లటి బిళ్ళలు గలగలా తొట్టిలో పడ్డాయి. ఇంట్లో అందరూ వాటిని మెషీన్ మందు అంటారు. ఒకటి దొర్లి ఆమె కాలి దగ్గర ఆగింది. తీసి నాలుక మీద పెట్టుకుంది.

ఉప్పు. చెంచాడు ఉప్పుకు తాళం వేసి, గోతాలకు గోతాలు మెట్లకింద పేర్చారు!

మెషీన్ మీదున్న నంబరుకు అక్కడే నిలబడి ఫోన్ చేసింది.

"ఉప్పు ఉన్నదున్నట్టు నీళ్ళలోకి రాదమ్మా," అన్నాడు ఫిట్టరు. "మెషీన్ సున్నాన్ని పట్టుకుని, దాని బదులు సోడియం వదుల్తుంది. మీ బావిలో సున్నం మరీ ఎక్కువ, అందుకని సోడియమూ ఎక్కువే. గుండెజబ్బు వాళ్ళు తాగకూడదని చెప్పి, వంటగదికి పైపు విడిగా వేశాం. సారుకి చెవిలో ఇల్లు కట్టుకుని చెప్పా."

ఆమె మొగుడివైపు తిరిగింది.

"కెటిల్‌కి పెంకు కడుతోందని తర్వాత ఆ పైపును నేనే మెషీన్‌కి కలిపా," అన్నాడతను నీళ్ళు నములుతూ. "తాగితే ఉప్పగా లేవుగా!"

"మీ అక్క నన్ను దొంగని చేస్తుంటే మీ నోరు పడిపోయిందా?"

"నిజంగా గుర్తు రాలేదే."

"కెటిల్ గుర్తొచ్చింది. కన్నతండ్రి గుర్తు రాలేదు!"

వదినకు కబురు చేసింది. ఆవిడ వచ్చి, పైపు చూసి, మొహం మాడ్చుకుని తాళంచెవి కోడలి చేతిలో పెట్టింది. మింగే ప్రతి మాత్రనూ అడిగిన మనిషి, మింగే నీళ్ళ సంగతి అడగలేదు మరి. కోడలు మెషీన్‌కు నీళ్ళు పోకుండా పక్కదారి మీటను తిప్పి, ఉప్పు డబ్బా తాళం తెచ్చి దానికి బిగించింది.

"నా కుళాయిలు పాడైపోతాయే!" అన్నాడు మొగుడు.

"పోనీండి," అంది.

వాపు మెల్లగా దిగింది. ఒక పొద్దున మామగారు ఆమెను దగ్గరకు పిలిచారు. "తప్పుగా అనుకోకమ్మా. నువ్వే వేస్తున్నావని నేనూ నమ్మాను," అన్నారు.

ఆ ఇంట్లో ఈయన ఒక్కరైనా తనవైపు ఉన్నారనుకుంది ఇన్నాళ్ళూ. ఆ పాదాలు ఒళ్ళో పెట్టుకుని ఒత్తింది. మొగుడి మీద వచ్చిన కోపం దీని ముందు ఏపాటిది? వంటగదిలోకి వెళ్ళి గ్లాసుతో ఆ బావి సున్నం నీళ్ళే పట్టుకొచ్చి ఆయన చేతికిచ్చింది.

"తాగండి," అంది. "నేనేమీ కలపలేదు."