పిలిస్తే వచ్చిన చెరువు

కోడి కూయకముందే రోజారాణి వల భుజాన వేసుకొని శామీర్‌పేట చెరువు కట్ట దిగేది. ముందు కాలి వేలితో నీళ్లను తాకి చూసేది, పొయ్యి మీది నీళ్లు కాగాయో లేదో చూసినట్టు. ఆ తర్వాతే వల విసిరేది. ఎనిమిదింటికల్లా గంప నెత్తిన పెట్టుకొని అలియాబాద్ పోయి, రోడ్డు పక్కన కూచొని, "రవ్వలున్నయ్, బొచ్చెలున్నయ్, కొర్రమీనులున్నయ్" అని పిలిచేది.

వల నాయినది. నాయిన పోయి మూడేండ్లయింది. చేపలు పట్టేవాళ్ల సంఘం పుస్తకంలో ఆయన పేరుండబట్టి ఇన్నాళ్లూ ఎవరూ ఏమనలేదు. ఈసారి పుస్తకం కొత్తగా రాస్తున్నారు. అందులో పేరు లేనివాళ్లు చెరువులో వల వేయగూడదు. సంఘం పెద్ద ఎవరో కాదు, రోజారాణి పెద్దనాయిన సిద్దయ్యే.

"నీకు ఈతొస్తది, వల ఇసరొస్తది. నేను గాదన్ననా?" అన్నాడాయన. "గని పుస్తకంల ఆడోళ్ల పేరు ఎన్నడన్న రాసినమా బిడ్డా?"

ఇగ చేసేదేమీ లేక రోజారాణి గాజులరామారంలో ఒక మందుల కంపెనీలో పనికి ఒప్పుకున్నది. ఫిబ్రవరి ఒకటిన చేరాలి, అక్కడే ఉండాలి. సీసాలకు మూతలు బిగించే పని.

ఆ మాట విని ఆమె దోస్తు సుచిత్ర ఊరుకోలేదు. ద్రాక్షతోటలో పెట్టెలు సర్దే మనిషి సుచిత్ర. ఆమె మొగుడు నగేష్ ఆ పెట్టెలను డీసీఎం వ్యానులో ఢిల్లీకి తోలుతాడు.

"కంపెనీల వడ్డంక నీకు ఆకాశం గూడ అగుపడది. ఈ తొలికోత పెట్టెలతోటి మనం గూడ ఢిల్లీకి పోదాం పా," అన్నది. "పదేండ్ల సంది ద్రాక్ష పంపుతున్న, ఒక్కపారన్న గా ఢిల్లీ నన్ను రమ్మన్నదా?"

"నేనూ వస్త," అన్నది తోటలోనే పనిచేసే దుర్గాబాయి. అప్పటికే ఆమె జొన్నరొట్టెలు మూటగట్టుకొని ఉన్నది.

అది తొంభై ఎనిమిదో సంవత్సరం. చలి బాగా ఉన్న జనవరి. ముగ్గురాడవాళ్లూ నగేష్ పక్కన ఇరుక్కొని కూచున్నారు. ఎందుకో తెలియకుండానే నవ్వొస్తున్నది ముగ్గురికీ. దారిలో కనబడ్డవాళ్లకల్లా చెప్పారు, "ఢిల్లీకి పోతున్నం, మీరు గూడ రారాదుండ్రి!" అని. మర్యాదకు అనే మాటది. పిలిచినవాళ్లకూ తెలుసు, విన్నవాళ్లకూ తెలుసు. "పోయి రాండ్రి" అని ఎవరి దారిన వాళ్లు పోతారు.

వ్యాను కట్ట పక్కగా పోతుంటే రోజారాణి తల బయట పెట్టి చెరువుకూ చెప్పింది, "నువ్వు గూడ రారాదు!"

చెరువునైతే అంతకుముందు ఎవరూ ఏ ఊరికీ పిలవలేదు.

మేడ్చల్ దాటి, తూప్రాన్‌లో చాయకు ఆగినప్పుడు నగేష్ అద్దంలో చూశాడు. "ఓ సుచిత్రా, చెరువొస్తాంది ఎనుక."

"పిలిస్తే రాదా మరి?" అన్నది దుర్గాబాయి. "జర నిమ్మలంగ తోలు, ఆయాసమైతాంది దానికి."

వెనక బస్సువాడు హారన్ కొడితే చెరువు ఎడమకు జరిగి సైడిచ్చింది. మహారాష్ట్ర చెక్‌పోస్టులో ఒకాయన ద్రాక్షపెట్టెలు తట్టి చూసి, చెరువు వైపు తిరిగి, "దీంట్ల సరుకేముంది?" అని హిందీలో అడిగాడు.

"చేపలు సాబ్," అన్నాడు నగేష్.

"సరే, పోండ్రి."

ఎంత దారి! ఆదిలాబాద్ టేకు అడవి, నాగపూర్ సంత్రా తోటలు, ఆ తర్వాత పేరు పలకరాని ఊళ్లు. ప్రతి మలుపుకూ "అగో, అగో!" అని అరుపులే. నర్మద వంతెన మీద చెరువు ఆగిపోయింది. కొంగు సర్దుకున్నట్టు అంచులు దగ్గరికి తీసుకొని, పెద్దింటామె ముందు నిలబడ్డట్టు అరగంట నిలబడింది. తొందర పెట్టకుండా నగేష్ బండి పక్కకు తీసి బీడీ కాల్చుకున్నాడు.

వ్యాను ఎక్కడాగితే అక్కడ చెరువు బీడు చూసుకొని పరుచుకునేది. రోజారాణి వల తీసేది. సాగర్ దగ్గర ఒక దాబాలో తలపాగా ముసలాయన, ఆమె తెచ్చిన రవ్వచేపను తానే వేయించి వాళ్లకే వడ్డిస్తూ, "ఏం పని జేస్తవు బేటీ?" అన్నాడు.

కంపెనీలో అని చెబుదామనుకున్నది. నోరేమో, "చేపలు పడ్త," అన్నది.

ఆగ్రా దగ్గరికి వచ్చేసరికి పొగమంచు. పొద్దెక్కినా బండి ముందు బర్రె నిలబడ్డా కనబడదు. చెరువు అంచులకు మీగడ కట్టినట్టు మంచు పేరుకున్నది. పాపం, ఆ చలి దానికి కొత్త. పెట్టెల్లోని గడ్డి తీసి ఒడ్డు పొడుగునా మంట వేశారు. రోజారాణి దాని పక్కన గొంతుకూచొని నీళ్లలో చెయ్యి పెట్టింది. మంచు విడిచేదాకా తియ్యలేదు.

అక్కడి నుంచే శామీర్‌పేటకు ఫోన్ చేశారు. అవతల సిద్దయ్య గొంతు, "చెరువు మీతోనే ఉన్నదా?"

"ఉన్నది పెద్దనాయినా. సలికి జర వణుకుతాంది."

"ఏమన్న కప్పుండ్రి! ఈడ పడవలన్నీ బురదల కూసున్నయ్!"

ఢిల్లీ మార్కెట్టులో ఒక సేటు సుచిత్ర సర్దిన పెట్టె విప్పి, ఒక పండు నోట్లో వేసుకొని కండ్లు మూసుకున్నాడు. "గా కండ్లు మూసుడు కోసమే వచ్చిన నేను. ఇగ పాండ్రి," అన్నది సుచిత్ర, కొంగుతో మొహం తుడుచుకుంటూ.

జనవరి ముప్పై ఒకటి పొద్దున శామీర్‌పేట చేరారు, వెనకే చెరువు కూడా. కట్ట మీద సంఘమంతా నిలబడి ఉన్నది. రోజారాణి బట్టల సంచి పట్టుకొని దిగి, చెరువుతో మెల్లగా అన్నది, "మా తోటి వచ్చినవు, మస్తు సంతోషం. నువ్వు పైలం. నేను పోతున్న."

పోయొస్త అనలేదు. తిరిగి వచ్చేది లేనప్పుడు ఆ మాట ఎట్లా అంటుంది?

బస్సొచ్చింది, ఎక్కింది. బస్సు కదిలింది. ఒక అంచును తన పాత బురదగుంతలోకి దించిన చెరువు ఆ అంచును పైకి తీసుకొని బస్సు వెనకే బయలుదేరింది.

సిద్దయ్య తువ్వాల ఊపుకుంటూ ఉరికి బస్సుకు అడ్డం నిలబడ్డాడు. "దిగు బిడ్డా!"

"రేపు కంపెనీల చేరాలె పెద్దనాయినా."

"గాజులరామారంల గా గల్లీలల్ల దీన్ని యాడ పండుకోబెడ్తవు?"

"నేను రమ్మనలే."

"అనకున్నా వస్తాంది గద, కనవడ్తలేదా?"

"జల్దీ తేల్చుండ్రి, మాకు డ్యూటీకి టైమైతాంది," అన్నారు లోపలివాళ్లు.

సిద్దయ్య వెనక్కి చూశాడు. నీళ్లు ఆయన చెప్పులు తడిపి, ఆయనను దాటి, బస్సు మెట్టును తాకుతున్నాయి. తర్వాత చంకలోని పుస్తకం తీసి, బస్సు మెట్టు మీదే తెరిచి, కండక్టర్ దగ్గర కలం అడిగి తీసుకున్నాడు. రోజా వరకు బాగానే రాశాడు. అక్కడ ఆగి, కలం గాలిలో పట్టుకొని తలెత్తాడు.

"రాణి అంటే చిన్న 'ని'నా, గా పెద్ద 'ణి'నా బిడ్డా? ఎన్నడూ రాయలే, ఎర్కలేదు."

రోజారాణికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. "ఏదన్న రాయి పెద్దనాయినా, రాయి!"

ఆయన చిన్న 'ని' రాశాడు. సంచి చంకన పెట్టుకొని ఆమె బస్సు దిగింది. ఆ 'ని' తప్పని కండక్టర్‌కు తెలుసు, ఏమీ అనలేదు. చెరువైతే అసలే అనలేదు. కట్ట దాటి లోపలికి దిగి, అటూ ఇటూ సర్దుకొని పడుకున్నది.