గదిలో ఇంకొక ఊపిరి

బట్టలు కుట్టుకుని బతికే ఆ పెద్దావిడకు కావలసింది ఒక్కటే: మనవరాలికి కథ చెప్పాలి. పిల్ల పుట్టిందీ పెరిగిందీ ఈ పరాయి దేశపు ఊళ్లోనే. దానికి ఇక్కడి భాష తప్ప మరొకటి రాదు. అమ్మమ్మ నోరు విప్పితే తల్లి మొహం చూసేది. తల్లి అర్థం చెప్పేలోగా కథలో పులి కాస్తా అడవి దాటిపోయేది.

కూతురు పోరగా పోరగా ఆవిడ సాయంత్రం పూట భాష నేర్పే చోట చేరింది. చెప్పుల కొట్టు మీద మేడగది. పంతులమ్మ మనవాళ్ల పిల్లే, కూతురి ఈడుది. మాట పెగలనిది తెలివి లేక కాదు, భయం వల్లనని ఆమె నమ్మకం. అందుకే పాఠానికి ముందు దీపాలు తగ్గించి, అందరిచేతా కళ్లు మూయించేది.

"గుండెల నిండా ఊపిరి తీసుకోండి. పట్టి ఉంచండి. ఇప్పుడు లోపలేమీ మిగలకుండా వదిలేయండి."

"పరీక్షలో ముక్కుతో మాట్లాడమంటారేమో, పిన్నిగారూ!" పక్కన కూర్చునే టాక్సీ డ్రైవరు గొణిగేవాడు.

"నీ నోటికన్నా ముక్కే నయంలే, నాయనా!"

ఒకరోజు గదంతా ఊపిరి బిగబట్టి ఉన్న వేళ, ఆవిడ మెడ వెనక ఎవరో ఊపిరి తీసుకున్నారు. తాపీగా, చల్లగా. వెనక ఉన్నది గోడే.

"వదిలేయండి," అంది పంతులమ్మ.

తక్కినవాళ్లు కాస్తో కూస్తో దాచుకునే వదిలారు. ఈవిడ అలా కాదు. గీత గీస్తే గీత మీదే కత్తెర వేసే మనిషి. ఏమీ మిగల్చవద్దంటే ఏమీ మిగల్చలేదు. డొల్లయిపోయిన రొమ్ములోకి మళ్లీ గాలి వచ్చింది గానీ, అది ఆవిడ తీసుకున్నది కాదు.

కళ్లు తెరిచేసరికి నోరు మాట్లాడుతోంది. ఈ ఊరి భాషే, గలగలా. అందరూ చప్పట్లు కొట్టారు.

"టేప్‌రికార్డరేమన్నా మింగారా, పిన్నిగారూ?" అన్నాడు డ్రైవరు.

ఆవిడ పంతులమ్మ చెయ్యి పట్టుకుంది. "అమ్మాయ్, నేనేమన్నాను?"

"భలేవారే! సముద్రం ఒడ్డున మీ ఇల్లు, అలల చప్పుడుకు నిద్ర పట్టకపోవడం... ఎంత బాగా చెప్పారో!"

ఆవిడ పుట్టి బుద్ధెరిగాక సముద్రం చూడలేదు.

అయినా ఇంటికి వెళ్లి, కళ్లు మూసుకుని అలాగే ఊపిరి వదిలింది. నోరు కథ అందుకుంది. పిల్ల చేస్తున్న పని వదిలేసి వచ్చి ఒళ్లో వాలింది. వంటింటి గుమ్మంలో కూతురు కళ్లొత్తుకుంది. ఎన్నేళ్లుగానో ఎదురుచూసిన బరువు తొడల మీద ఉంది. ఆ ఆనందంలో కూడా ఆవిడ వీపు మంచులా చల్లబడింది.

మర్నాటి నుంచి పంతులమ్మ వదిలేయమన్నా గుప్పెడు ఊపిరి లోపలే దాచుకుంది. కుట్టుమిషను తొక్కుతూ మాటలు వల్లె వేసింది. పులి, అడవి, ఆకలి, పరుగు. నాలుక మడతపడ్డా వదల్లేదు. సొంతంగా ఒక బుల్లి కథ అల్లుకుని పిల్లను పిలిచింది.

సగంలోనే పిల్ల ఒళ్లోంచి దిగిపోయి తల్లితో ఏదో అంది.

"ఏమంటోందే?"

"దాని పిచ్చి మాటలకేంలే, అమ్మా."

"చెప్పవే, నేనేం ఏడవనులే."

కూతురు నసిగింది. "నువ్వొద్దంట. ఇంకో అమ్మమ్మ చెప్పాలంట."

పిల్ల చూస్తున్నది ఆవిడను కాదు. ఆవిడ భుజం మీదుగా, కాస్త వెనక్కి. అటు చూసి సిగ్గుపడుతూ నవ్వింది కూడా.

ఆవిడ ఆ నవ్వు మొహాన్నే చూస్తూ చాలాసేపు కూర్చుంది. తరవాత కళ్లు మూసుకుని, దాచుకున్న ఆ గుప్పెడూ వదిలేసింది.

నోరు కథ మొదలెట్టింది. పిల్ల పరుగున వచ్చి ఒళ్లో ముడుచుకుంది. లోపలెక్కడో కూర్చుని ఆవిడ కూడా వింది. ఒక మాట అర్థమైతే పది మాటలు కాలేదు. పిల్ల కిలకిలమంది. దానితోపాటు తానూ నవ్వబోయింది గానీ, నోరు ఖాళీ లేదు.